లెక్కలో లేని వేడి

"నేను చెప్పేదాకా ఎవరూ స్విచ్ వెయ్యొద్దు!"

స్టూలు మీద నిలబడి నిహారిక అరిచింది. నిజానికి స్విచ్ దగ్గర ఎవరూ లేరు. జ్ఞానేశ్వర్ రెండు చేతులకూ మైదా జిగురు అంటుకుని ఉంది. షాహీన్ కింద కూర్చుని వైర్లు ముడి వేస్తోంది. అయినా సరే, నిహారిక అరిచింది. ఏడో తరగతిలో ఆ పిల్ల గొంతుకు జంకనివాళ్ళు ఒక్కరూ లేరు. ఇంట్లో మాత్రం వాళ్ళమ్మ ఉంది.

ఆ రోజు రెండో శనివారం. బడికి సెలవు. తెల్లవారితే మహాశివరాత్రి. గోపాలకృష్ణయ్య తాత పత్తి గోడౌన్ వరండాలో పిల్లల ప్రభ తయారవుతోంది. పక్కనున్న ఖాళీ స్థలంలో పెద్దవాళ్ళ ప్రభ, తిరునాళ్ళకు లాక్కెళ్ళే వెదురు గోపురం, అప్పటికే నిలబడి ఉంది. దాని చివర చూడాలంటే తల వెనక్కి వాల్చి మెడ పట్టేసేదాకా చూడాలి. పిల్లల ప్రభకు అంత సీను లేదు. తోపుడు బండి మీద వెదురు బద్దలు కట్టి, రంగు కాగితాలు అంటించారు. నిహారిక కన్నా ఓ మూర ఎత్తుంటుంది. అయితే ఏం? అది కూడా కోటప్పకొండకు వెళ్ళే ప్రభే.

వెళ్ళనిస్తేనే అనుకోండి.

కిందటేడు వీళ్ళ ప్రభకు సగం దారిలో లైట్లు ఆరిపోయాయి. చీకట్లో కనబడక వెనకొచ్చే ట్రాక్టర్ గుద్దినంత పని చేసింది. అందుకే ప్రభల కమిటీ పెద్ద గోపాలకృష్ణయ్య తాత ఈసారి రెండు షరతులు పెట్టాడు.

"ఇంటి కరెంటు జోలికి పోగూడదు. ఏం చేసినా బ్యాటరీతోనే. సాయంత్రం లైట్లు ఏసి నాకు చూపియ్యాలి. బాగుంటేనే రేపు మా ప్రభ వెనక రానిస్తా. లేదా, బండి ఇక్కణ్ణే ఉంటది."

అప్పటినుంచీ నిహారిక తనకు తానే కరెంటు ఇంజనీరు పదవి ఇచ్చేసుకుంది.

బ్యాటరీ షాహీన్ వాళ్ళది. మిరపతోటకు మందు కొట్టే ట్యాంకులోంచి విప్పి తెచ్చారు. పన్నెండు వోల్టులది. బల్బులు పాత రకం టార్చిలైటువి. ఎల్ఈడీల తెల్ల వెలుగు ట్యూబ్‌లైటులా ఉంటుందనీ, స్వామికి పసుప్పచ్చ వెలుగే బాగుంటుందనీ ముగ్గురూ తీర్మానించుకున్నారు. నాలుగేసి బల్బులు ఒక వరసలో గుచ్చి దండలు చేశారు. అలాంటి దండలు పది.

"ఇంతకీ ఈ పదీ వెలుగుతయ్యా?" జ్ఞానేశ్వర్‌కు అనుమానం.

"ఎందుకు వెలగవురా? రా, చూపిస్తా."

నిహారిక స్టూలు దిగి సుద్దముక్క తీసింది. గోడౌన్ గోడనే నల్లబల్ల చేసుకుంది.

నిన్న సైన్సు క్లాసులో ధనలక్ష్మి టీచర్ ఇదంతా చెప్పారు. పై తరగతి పాఠమే. కానీ ప్రభ కట్టుకునే పిల్లలకు అవసరం కదా అని చెప్పారు. ఒక దండను బ్యాటరీకి తగిలించి, మధ్యలో మీటరు పెడితే అర ఆంపియర్ కరెంటు చూపించింది.

"వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ వస్తది. అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో తెలుస్తది. పన్నెండుని అరతో భాగిస్తే ఇరవై నాలుగు. ఇరవై నాలుగు ఓములు." గోడ మీద అంకెలు చకచకా పడుతున్నాయి. "అదే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవర్. పన్నెండు ఇంటూ అర, ఆరు వాట్లు. అర్థమైందా?"

"ఒక్క దండకు అర్థమైంది. మరి పది దండలకో?"

"నిన్న టీచరు దండలో ఇంకో బల్బు కలిపితే ఏమైంది? అడ్డు పెరిగింది, కరెంటు తగ్గింది. గుర్తుందా? బల్బులు పెరిగే కొద్దీ కరెంటు తగ్గుద్ది. ఒక దండకు ఇరవై నాలుగు ఓములైతే పది దండలకు రెండొందల నలభై. పన్నెండుని రెండొందల నలభైతో భాగించు. ఎంత?"

జ్ఞానేశ్వర్ జిగురు చేతులతో గాల్లో లెక్క వేయబోయాడు. అంతసేపు ఆగే ఓపిక నిహారికకు లేదు.

"సున్నా పాయింట్ సున్నా అయిదు ఆంపియర్! అంటే ఏమీ లేనట్టే. ఈ కరెంటుకు దోమ కూడా వెచ్చబడదు. ఏ వైరైనా చాలు."

భాగహారం తప్పులేదు. చేతిరాత కూడా ముచ్చటగా ఉంది. గోడకు ఎదురుగా నిలబడి ఎవరు చూసినా ఔననాల్సిందే.

షాహీన్ తలెత్తింది. ఆమె ఒళ్ళో నల్లటి లావు వైరు చుట్ట ఉంది. వాళ్ళ నాన్న పొలం మోటారుకు వాడగా మిగిలిన ముక్క.

"అట్టయితే నేను తెచ్చిన వైరు వద్దా?"

"అదేందే, పామంత ఉంది! ముందునుంచి చూస్తే అసయ్యంగా కనపడుద్ది. ఇదిగో, పాత ఫోన్ ఛార్జర్ వైరు. సన్నగా, తెల్లగా, కాగితం కింద దాక్కుంటది."

"పోనీ, టీచరు మీటరు ఇచ్చారుగా. పదీ తగిలించినాక ఒకసారి పెట్టి చూద్దామా?"

"లెక్క వచ్చినాక మీటరెందుకే?"

షాహీన్ తన వైరు చుట్ట పక్కన పెట్టింది. పది దండల కొసలనూ ఒకచోటికి తెచ్చి ముడి వేసింది. ఒకే వరసగా పెడితే నలభై బల్బుల్లో ఒక్కటీ వెలగదని పొద్దున్నే చూశారు. అందుకే ప్రతి దండనూ విడిగా, పక్కపక్కన కలిపారు. అన్నిటినుంచీ బ్యాటరీకి పోయే దారి మాత్రం ఒక్కటే. అదే ఆ సన్నటి తెల్ల వైరు. ఎక్కువైన వైరును నిహారిక చుట్టగా చుట్టి గులాబీ కాగితం వెనక కుక్కేసింది.

"ఇప్పుడు వెయ్యండి!"

నలభై బల్బులూ ఒక్కసారే వెలిగాయి. వరండా అంతా పసుపు రాసినట్టయింది. జ్ఞానేశ్వర్ చప్పట్లు కొడితే చేతులు అతుక్కుపోయాయి. నిహారిక రెండడుగులు వెనక్కి వేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. రేపు కొండ దగ్గర ఎన్ని పిల్లల ప్రభలున్నా ఇంత వెలుగు దేనికీ ఉండదు. ఉండదంతే.

"నేను పోయి తాతను పిలుచుకొస్తా," అని జ్ఞానేశ్వర్ పరుగెత్తాడు.

షాహీన్ ప్రభ వెనక్కి వెళ్ళింది. చెయ్యి పెట్టి వైరు తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఏమే నిహా, ఇక్కడ వేడిగా ఉంది."

"ఉండదే."

"ఉంది. నువ్వొచ్చి పట్టుకో."

"లెక్క ప్రకారం వేడెక్కదు, షాహీన్. చెప్పాగా! నీ చెయ్యే వేడిగా ఉన్నట్టుంది."

నాలుగు అడుగులు వేసి చెయ్యి పెడితే తెలిసిపోయేది. నిహారిక ఆ నాలుగు అడుగులు వెయ్యలేదు. ముందు నిలబడి తన ప్రభను చూసుకుంటూ ఉండిపోయింది.

తాత వచ్చాడు. పైపంచె సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ప్రభ వైపు ఒక అడుగు వేశాడు. "బాగానే ఉందే..." అనబోయి ఆగి, ముక్కు ఎగబీల్చాడు.

"ఏందది, కమురు వాసన?"

గులాబీ కాగితం మధ్యలో గోధుమరంగు మచ్చ ఒకటి లేచింది. చూస్తుండగానే అది అరచెయ్యంత అయింది. సన్నగా పొగ వచ్చింది. నిహారిక కొయ్యబారిపోయింది. షాహీన్ మాత్రం ఒక్క గెంతులో వైరు పట్టి బ్యాటరీ నుంచి ఊడలాగింది.

"అబ్బా!"

లైట్లు ఆరిపోయాయి. తెల్ల వైరు మైనంలా కరిగి, చుట్టకు చుట్ట అతుక్కుపోయి ఉంది. షాహీన్ వేళ్ళు రెండు ఎర్రగా కందిపోయాయి.

తాత ముఖం కూడా ఎర్రబడింది.

"బుద్ధుందా మీకు? గోడకవతల పత్తి ఉంది! ఒక్క నిప్పురవ్వ పడితే బజారు బజారంతా లేచిపోద్ది. చాలు. ఈ బండి ఇక్కణ్ణించి కదలడానికి లేదు."

"తాతా, ఛార్జర్ వైరు డూప్లికేటుది. అందుకే..." నిహారిక గొణిగింది.

తాత వినిపించుకోలేదు. పైపంచె విదిలించుకుని వెళ్ళిపోయాడు.

కుళాయి కింద షాహీన్ వేళ్ళు పెట్టి కూర్చుంది. ఏడవడం లేదు. ఒక్క మాట కూడా దెప్పడం లేదు. అదే నిహారికకు భరించరానిదైంది. 'నేను చెప్పలా?' అని ఒక్కసారి అరిస్తే తనూ తిరిగి అరవొచ్చు. అరవకపోతే ఏం చేసేది? ఆ ఎర్రటి వేళ్ళ వంక చూడలేక లేచి నిలబడింది.

"మీటరు యాడుంది?" చివరికి అడిగింది.

"లెక్క ఉండగా మీటరెందుకన్నావుగా," అన్నాడు జ్ఞానేశ్వర్. వాడు అనకుండా ఉంటాడా!

ధనలక్ష్మి టీచర్ ఇల్లు వెనక బజారులోనే. గుమ్మానికి మామిడాకులు కడుతున్నావిడ సంగతంతా విని, ముందు షాహీన్ వేళ్ళకు మందు రాశారు. తర్వాత చెప్పులేసుకుని వాళ్ళతో బయల్దేరారు. వరండాలోకి రాగానే మొదట బ్యాటరీని, ప్రభను గోడౌన్‌కు దూరంగా ఖాళీ స్థలంలోకి జరిపించారు. కరిగిన వైరు తీసేసి షాహీన్ తెచ్చిన లావు వైరు కట్టారు. ఆ దారి మధ్యలో మీటరు పెట్టారు.

"ఏమొస్తుందనుకుంటున్నావు నిహారికా?"

"సున్నా పాయింట్ సున్నా అయిదు, టీచర్."

టీచరు స్విచ్ వేశారు. మీటరులో అంకె వచ్చింది.

అయిదు.

"పాయింట్ తప్పిపోయింది టీచర్! మీటరు చెడిపోయినట్టుంది." అన్న మరుక్షణం నిహారిక నాలుక కరుచుకుంది. ఇందాక వైరు తప్పయింది, ఇప్పుడు మీటరు తప్పయింది. ఇక మిగిలింది ఒక్కరే.

టీచరు స్విచ్ ఆపేశారు. తిట్టలేదు. "కొండ మీద దర్శనానికి ఒకే క్యూ పెట్టి, దాని దారిలో ఒకదాని తర్వాత ఒకటి అయిదు గేట్లు పెట్టారనుకో. ఇంకో గేటు పెంచితే జనం తొందరగా పోతారా, మెల్లగానా?"

"ఇంకా మెల్లగా," అన్నాడు జ్ఞానేశ్వర్.

"అదే అట్లాంటి క్యూలు పది, పక్కపక్కన తీశారనుకో?"

నిహారిక ప్రభ వంక చూసింది. పది దండలు, పక్కపక్కన. గోడ మీద తన సుద్ద అంకెలు చూసింది. ఇందాక వెలుగు గుర్తొచ్చింది. ఒక్క దండ ఒంటరిగా ఉన్నప్పుడు ఎంత వెలిగిందో, పదీ ఉన్నప్పుడూ ఒక్కోటీ అంతే వెలిగింది. ఏదీ మసకబారలేదు. అంటే ఒక్కోటీ ఎప్పటిలాగే అర ఆంపియర్ తీసుకుంటోంది.

"పది అరలు అయిదు," అంది మెల్లగా. "టీచర్, దండలోనే బల్బులు కలిపితే అడ్డు పెరుగుద్ది. నేను దండలు పక్కపక్కన పెట్టా. దారులు పెరిగినయ్. అడ్డు తగ్గింది."

సుద్దముక్క తీసి, గోడ దగ్గరకు పోయి, పాత లెక్క చెరపకుండా, దాని కిందే కొత్తది వేసింది. పన్నెండుని అయిదుతో భాగిస్తే రెండు పాయింట్ నాలుగు ఓములు. పన్నెండు ఇంటూ అయిదు, అరవై వాట్లు. పై లెక్కలో కరెంటు సున్నా పాయింట్ సున్నా అయిదు. కింద లెక్కలో అయిదు. వంద రెట్లు! పాపం ఆ వెంట్రుకంత వైరు కరగక ఏం చేస్తుంది?

షాహీన్ చెయ్యి ఆ లెక్కేదీ వెయ్యకుండానే విషయం చెప్పింది. అదీ రెండుసార్లు.

నిహారిక వెళ్ళి షాహీన్ పక్కన కూర్చుంది. సుద్దముక్క పక్కన పెట్టేసింది. పదవి ఊడిన ఇంజనీరు కదా.

"నీ చెయ్యి వేడి కాదే," అంది. "వైరే వేడి. నేను వచ్చి పట్టుకోవాల్సింది."

"మంటగానే ఉంది గానీ," షాహీన్ వేళ్ళు ఊదుకుంటూ అంది, "రేపటి సంగతేంది?"

ఆ ప్రశ్నకు నిహారిక ప్రాణం లేచి వచ్చింది. మళ్ళీ సుద్ద అందుకుంది. ఈసారి ప్రతి అంకెకూ మీటరు పెట్టించింది. బ్యాటరీ మీద ఎనిమిది అని రాసి ఉంది. ఒక ఆంపియర్ చొప్పున తీసుకుంటే ఎనిమిది గంటలు వస్తుందని టీచర్ చెప్పారు. పది దండలైతే గంటన్నరకే అయిపోతుంది. కిందటేడులాగే సగం దారిలో చీకటి. నాలుగే దండలు పెడితే రెండు ఆంపియర్లు, ఇరవై నాలుగు వాట్లు, నాలుగు గంటలు.

ఆరు దండలు తీసేయాలి. ఎవరూ చెప్పకముందే నిహారిక స్టూలెక్కి తనే విప్పింది. ఒక్కో దండ విప్పుతుంటే నగలు తీసేస్తున్నంత బాధేసింది. అయినా విప్పింది.

"నాలుగు దండలంటే బోసిగా ఉంటదే," అంది.

జ్ఞానేశ్వర్ కాసేపు బుర్ర గోక్కున్నాడు. జుట్టుకు జిగురంటుకుంది. "మూడు దండలు అడ్డంగా పెడదాం. విభూతి రేఖల్లాగ. నాలుగోది మధ్యలో గుండ్రంగా, బొట్టు లాగ."

ఇద్దరమ్మాయిలూ వాడి వంక కొత్తగా చూశారు.

సాయంత్రం గోపాలకృష్ణయ్య తాత ఇంటి అరుగు దగ్గరకు నిహారిక వెళ్ళింది. షాహీన్ తోడుగా వచ్చింది.

"తాతా, వైరు తప్పని ఇందాక చెప్పా. వైరుది కాదు, నాది. షాహీన్ రెండుసార్లు చెప్పినా వినలా. మీటరు పెట్టమన్నా పెట్టలా. ఇప్పుడు వైరు మార్చాం, దండలు తగ్గించాం, టీచరు పక్కన ఉండి చూశారు. నువ్వొచ్చి వైరు నీ పిడికిట్లో పట్టుకో. నీకు ఇష్టమొచ్చినంత సేపు పట్టుకో. వెచ్చబడితే ప్రభ వద్దు."

తాత ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. "కాలితే?"

"ముందు నేను పట్టుకునే వచ్చా."

తాత వచ్చాడు. కుర్చీ వేయించుకుని కూర్చుని, వైరు పిడికిట్లో బిగించాడు. నాలుగు దండలూ వెలిగాయి. మూడు రేఖలు, మధ్యలో బొట్టు. తాత కళ్ళజోడు సర్దుకుని చూశాడు. తర్వాత తన చిన్నప్పుడు ప్రభలకు పెట్రోమాక్స్ లైట్లు ఎట్టా కట్టేవాళ్ళో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కథలోంచి ఎడ్లబండ్లలోకి, అక్కణ్ణించి ఒక ఏడాది గుండ్లకమ్మ ఏరు పొంగిన కథలోకి వెళ్ళాడు. చివరికి మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి చేతిలో వైరు చూసుకుని ఆశ్చర్యపోయాడు.

"పట్టుకున్న సంగతే మర్చిపోయానే! సరే, పొద్దున్నే తయారుగా ఉండండి. మా వెనకమాలే రావాలి."

జ్ఞానేశ్వర్ వేసిన కేక గోడౌన్ అవతలి బజారుకు కూడా వినిపించింది.

మర్నాడు పొద్దు గుంకేవేళకు వాళ్ళ బండి కొండ కిందికి చేరింది. ఎటు చూసినా ప్రభలే. ఎటు చూసినా జనమే. మైకులు, డప్పులు, చెరుకు గడలు, దుమ్ము. దూరంగా కొండ మీద దీపాలు. పెద్ద ప్రభలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి. ఒక్కోటి వెలిగినప్పుడల్లా జనం 'చేదుకో కోటయ్యా' అని కొండ మీది స్వామిని పిలుస్తూ అరుస్తున్నారు.

పక్క ఊరి పిల్లల ప్రభ వెలిగింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు గిరగిరా తిరుగుతున్నాయి. జ్ఞానేశ్వర్ ఉండబట్టలేక సంచీ విప్పాడు. లోపల ఆ ఆరు దండలు!

"ఒక్క ఫొటో దాకా తగిలిద్దాం నిహా. ఒక్క ఫొటో!"

నిహారిక ఆ రంగుల ప్రభ వంక చూసింది. చానా బాగుంది. అబద్ధమెందుకు, తన ప్రభ కన్నా ఎక్కువ వెలుగే ఉంది. దండలు తగిలించడం ఒక్క నిమిషం పని. వైరు కూడా లావుదే, తట్టుకుంటుంది. కానీ తిరుగుదారి అంతా చీకటి. వెనక ట్రాక్టర్లు.

"సంచీ కట్టెయ్," అంది. "మనది తిరుగుదారిలో కూడా వెలగాలి."

"ఏందే ఆలస్యం?" పెద్ద ప్రభ దగ్గర్నుంచి తాత కేకేశాడు. "అందరివీ వెలిగినయ్! వెయ్యండి!"

జనం ఇటే చూస్తున్నారు. జ్ఞానేశ్వర్ చెయ్యి స్విచ్ మీదికి పోయింది.

"ఆగు!" నిహారిక అరిచింది. డప్పుల మోతలో కూడా ఆ గొంతు ఖంగుమంది. "షాహీన్ చెప్పేదాకా ఎవరూ స్విచ్ వెయ్యొద్దు!"

షాహీన్ బండి వెనక వంగింది. మందు రాసిన రెండు వేళ్ళూ పైకెత్తి, మిగతా వేళ్ళతో బ్యాటరీ దగ్గర్నుంచి వైరును తడుముకుంటూ పైకి వచ్చింది. రాళ్ళ దారిలో కుదుపులకు ఒక ముడి వదులైంది. అక్కడ ఆగింది. తాత మళ్ళీ కేకేశాడు. నిహారిక షాహీన్ పక్కన వంగింది. ఫోన్ లైటు వేసి ముడి మీదికి పట్టుకుంది. షాహీన్ తీరిగ్గా ముడి బిగించి, టేపు చుట్టి, ఇంకోసారి లాగి చూసింది.

నిహారిక తన చెయ్యి కూడా ఆ వైరు మీద పెట్టింది.

"ఇప్పుడు వెయ్యమను," అంది షాహీన్.